పాతర దొడ్డి దరువు

ఉదయగిరి నుంచి వచ్చే బాట ఆత్మకూరులోకి దిగే చోట, ఊరికి ఇవతల, ఒక దొడ్డి ఉండేది. మనిషికి రెండింతల ఎత్తు మట్టిగోడ, గోడ మీద తుమ్మకంప, ఒకటే వాకిలి. లోపల నేలను తవ్వి షావుకారు ధాన్యం దాచుకున్న పాతర ఒకటి ఉండేదనీ, అది ఏనాడో ఖాళీ అయిపోయిందనీ అనుకునేవాళ్లు. పొద్దు గుంకినాక ఆ దారిన కుక్క కూడా పోయేది కాదు.

ఎందుకంటే... భూమిలోంచి తప్పెట మోగేది.

జాతరలో మోగే మోతలాగా ఉండేది కాదు. నేల కింద ఎవరో గుండె బాదుకుంటున్నట్టు, ఒక్కో దెబ్బ. ఆగేది... మళ్లీ మోగేది. విన్న బండివాడు ఎద్దుల తోకలు మెలిపెట్టి, వాగు చుట్టూ తిరిగి ఊళ్లోకి పోయేవాడు. ఒక గొర్రెల కాపరి ధైర్యం చేసి గోడెక్కి చూశాడనీ, నెత్తురు కక్కుకుని పోయాడనీ చెప్పుకునేవాళ్లు. ఆ కాపరి పేరేంది, ఏ ఊరోడు అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు.

ధాత సంవత్సరపు కరువు మొదలైన ఏడే ఆ చప్పుడూ మొదలైంది. మొదట్లో ఆ దెయ్యానికి పేరు లేదు. రెండో ఏడు పేరొచ్చింది. ఒకనాటి తెల్లవారి ఆ గోడ కింద ఒక తప్పెటగాడు చచ్చి పడి ఉన్నాడు గదా... ఇక అడగాలా? శీనయ్య దెయ్యం అన్నారు. పిల్లోళ్లు అన్నం తినకపోతే, ‘‘అదిగో శీనయ్య వస్తాండాడు’’ అనేవాళ్లు.

అన్నం లేక చచ్చినోడి పేరు చెప్పి పిల్లోళ్లకు అన్నం తినిపించేవాళ్లు!

ఆ శీనయ్య పెండ్లాం పేరు వరదమ్మ. ఉదయగిరి కొండ కింద మాదిగపాళెం ఆమెది. ఈ కథా ఆమెదే.

కరువుకు ముందు ఆ పాళెం మేళం లేకుండా ఆ తట్టు జాతర జరిగేది కాదు. కలిగిరి పిలిచేది, జలదంకి పిలిచేది. శీనయ్య అన్న కొండలయ్య మేళానికి పెద్ద. అతను చెయ్యి ఎత్తితే తప్పెట్లన్నీ ఒక్కసారిగా లేచేవి, దించితే ఒక్కసారిగా ఆగేవి. శీనయ్య చిందు వేస్తూ కొట్టేవాడు. ప్రతి దరువుకూ చివర తనదంటూ ఒక ముగింపు వేసేవాడు. మూడు గట్టి దెబ్బలు, తడబడినట్టు ఒక సందు, ఆ వెనక సన్నపుల్లతో గలగలమని ఒక మోత. ‘‘అదేందిరా, కాలు జారినోడు లేచి నవ్వినట్టుండాది’’ అని కొండలయ్య తిట్టేవాడు. జనం మాత్రం ఆ నవ్వు కోసమే కాచుకునేవాళ్లు.

కరువు రెండో ఏడు, పాళెంలో పొయ్యిలు చల్లారిపోయినాక, ఆత్మకూరులో గంజి పోస్తున్నారని విని శీనయ్య బయలుదేరాడు. భుజాన తప్పెట. ‘‘నడవలేనోడివి, అదెందుకయ్యా’’ అంది వరదమ్మ.

‘‘ఊరికే అడిగితే బిచ్చగాడంటారు. కొట్టి అడిగితే మేళగాడంటారు’’ అన్నాడు.

పోయినోడు రాలేదు. తప్పెటా రాలేదు. పాతర దొడ్డి దెయ్యం కొట్టిందని కబురొచ్చింది. వరదమ్మ ఏడవలేదు. ఏడవాలన్నా ఒంట్లో నీళ్లుండాలి గదా.

మూడో ఏడు, బహుధాన్య సంవత్సరంలో, వానలు పడ్డాయి. పేరుకు తగ్గట్టే జొన్న విరగ పండింది. కరువులో నిలిచిపోయిన జాతర చేసి పోలేరమ్మను ఊళ్లోకి తెస్తామని ఆత్మకూరు పెద్దలు మొక్కుకున్నారు. మొక్కుకున్నారు సరే, తప్పెట కొట్టేవాళ్లేరీ? ఆ ఊరి వాళ్లలో కొందరు కరువులో పోయారు. కొందరు కిరస్తానంలో కలిసి ఇక తప్పెట ముట్టుకోం అన్నారు. అక్కడి మేళగాడు ఓబులయ్య సముద్రం తట్టు కాలవ తవ్వే పనికి పోయి అక్కడే చచ్చాడన్నారు. అందుకని ఉదయగిరికి మనిషిని పంపారు.

కొండలయ్య పాళెంలో మిగిలినోళ్లను కూడేశాడు. తాను, ముసలి పెంచలయ్య, ఇద్దరు పడుచువాళ్లు. మేళమంతా అంతే.

‘‘శీనయ్య చోటు బోసిగా ఉండాది’’ అన్నాడు నేల చూస్తూ.

‘‘నేను కొడతా బావా’’ అంది వరదమ్మ.

పెంచలయ్య ఏదో అనబోయాడు. కొండలయ్య ఒక తప్పెట తీసి, నిప్పు సెగకు కాచి, వేలితో తట్టి చూసి ఆమె చేతికిచ్చాడు. పుట్టినప్పటి నుంచీ ఆ మోతలోనే పెరిగిన మనిషి. పైగా ఏడాదికి పైగా నోట్లోంచి రాని ఏడుపంతా చేతుల్లో ఉంది. ఆమె కొడితే గుడిసె చూరు దుమ్ము రాలింది. పెంచలయ్య అనబోయిన మాట మింగేశాడు.

దారి పొడుగునా ఆగుతూ నడిచి, ఊళ్లో దీపాలు పెట్టే వేళకు ఆత్మకూరు పొలిమేర చేరారు. ఊళ్లోకి పోనియ్యలేదు. బాట పక్క చింతతోపులో దిగమన్నారు. అక్కడి నుంచి చూస్తే, మాపటి వెలుగులో పాతర దొడ్డి గోడ నల్లగా కనిపిస్తోంది. వరదమ్మ ఆ గోడ వైపే చూస్తూ కూర్చుంది. ఏ పక్కన పడిపోయి ఉంటాడు? ఆ మూలనా? వాకిలి దగ్గరా?

కాసేపటికి ఊరి పెద్దకాపు నారాయణయ్య మనిషి చేత లాంతరు పట్టించుకుని వచ్చాడు. పక్కన షావుకారు రామనారాయణ... ఆ దొడ్డి ఆయనదే. పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

‘‘వచ్చినారా కొండలయ్యా. మంచిది’’ అన్నాడు నారాయణయ్య. ఆయన చూపు వరదమ్మ మీద ఆగింది. ‘‘ఇదేందిరా, ఆడది తప్పెట మోసుకొచ్చింది?’’

‘‘కొట్టేవాడు మీ ఊళ్లో పడిపోయినాడు దొరా. అందుకని.’’

నారాయణయ్య చూపు దొడ్డి వైపు తిప్పాడు. ‘‘ఆ సంగతే చెప్పేదానికి వచ్చినా. రేపు సందేళ, జాతర ఎత్తకముందు ఒక పని ఉండాది. అమ్మవారు ఈ బాటనే ఊళ్లోకి రావాల. ఆ దెయ్యం ఉండగా ఎట్టా వస్తాది? సోమశిల నుంచి మంత్రగాణ్ణి పిలిపించినాం. దొడ్డి నాలుగు మూలలా ఇనప మేకులు దిగ్గొట్టి దాన్ని కట్టేస్తాడు. మేకు దిగేటప్పుడు తప్పెట మోగాలంట. తప్పెట దెయ్యం తప్పెటకే లొంగుతాదంట.’’



వరదమ్మ లేచింది. ‘‘ఏ దెయ్యం దొరా?’’

‘‘అదేమ్మే... తెలిసిందే గదా...’’

‘‘పేరు చెప్పండి.’’

లాంతరు పట్టుకున్నోడు చెయ్యి మార్చుకున్నాడు.

‘‘శీనయ్య. నా మొగుడు. బతికుండగా చీమకు కీడు చెయ్యలేదు దొరా. గంజి కోసం వచ్చి మీ గోడ కింద పడి చచ్చినాడు. చంపింది మీరు... దెయ్యం మావోడా? మీరు వాడికి మేకులు కొడతాంటే నేను తప్పెట కొట్టాల్నా?’’

‘‘దాని నోరు మూయించు కొండలయ్యా!’’ అని అరిచాడు నారాయణయ్య.

రామనారాయణ మెత్తగా అందుకున్నాడు. ‘‘నేను ముందు నుంచీ చెబుతానే ఉండా పెద్దకాపూ, ఆ జోలి మనకొద్దని. వినకపోతిరి. చేస్తే గోడ బయటే చెయ్యండి. లోపలికి పోయినోడి ప్రాణానికి నాది పూచీ కాదు.’’

నారాయణయ్య ఆ మాట పట్టించుకోలేదు. కొండలయ్య వైపు తిరిగాడు. ‘‘కొడితే జాతర. లేకపోతే వచ్చిన దారినే పోండి. ఈ తాలూకాలో ఇంకెవడూ మీ మేళాన్ని పిలవడు.’’

కొండలయ్య ముసలి పెంచలయ్యను చూశాడు. పడుచువాళ్ల ఎముకలు తేలిన భుజాలు చూశాడు.

‘‘కొడతాం దొరా’’ అన్నాడు.

లాంతరు వెలుగు ఊరివైపు పోయిందో లేదో వరదమ్మ అతని మీదికి వచ్చింది. ‘‘నీ తోడబుట్టినోడు బావా!’’

‘‘చచ్చినోడికి మేకు దిగదు వరదా. బతికినోళ్లకు కడుపుండాది.’’

‘‘థూ’’ అని నేల మీద ఉమ్మి, ఆమె పోయి వేరే చెట్టు కింద కూర్చుంది.

చీకటి చిక్కబడింది. మంచు దిగుతోంది. నడిచిన అలుపుకు పడుచువాళ్లు అట్టే ఒరిగారు. దూరంగా ఊళ్లో ఎవరో నవ్వారు. తలుపులు పడ్డాయి. తర్వాత ఏమీ లేదు.

అప్పుడు...

దడ్.

పెంచలయ్య దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. ‘‘మొదలైందిరా కొండా...’’ అని గొణిగాడు.

దడ్... దడ్...

భూమిలోంచే. కూర్చున్న చోట అరికాళ్లకు తగులుతోంది. ఊరోళ్లు చెప్పినట్టు ఒక్కో దెబ్బగా మొదలై ఊరుకోలేదు. జోరందుకుంది. ఎవరినో తరుముతున్నట్టు, పొమ్మని కసురుతున్నట్టు పెరిగి పెరిగి, ఆఖరికి...

మూడు గట్టి దెబ్బలు.

సందు.

గలగలా... ఒక నవ్వు.

వరదమ్మకు ఒళ్లంతా చల్లబడిపోయింది. చీకట్లో కొండలయ్య లేచి కూర్చున్నాడు.

‘‘విన్నావా...’’

‘‘విన్నా.’’

‘‘వాడే వరదా... వాడే... మేకులు కొడతామన్నామని...’’

వరదమ్మ లేచి నిలబడింది.

‘‘యాడికి? వద్దు! పోవద్దు!’’

‘‘నా మొగుడే అయితే నన్నేం చేస్తాడు?’’ అంది. నడిచింది.

భయం లేక కాదు. అయినా కాళ్లు ముందుకే పడుతున్నాయి. కనిపిస్తే రెండు మాటలు అడగాలి. ఊళ్లో ఇన్ని వాకిళ్లుండగా ఈ గోడ కిందికే ఎందుకొచ్చినావు? చచ్చినా ఉదయగిరి రాకుండా ఈ పాపిష్టి చోటే ఎందుకుండావు? అడగాలి. తర్వాత ఏమైనా కానీ.

వాకిలికి లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. గోడ పట్టుకుని చుట్టూ తిరిగింది. వెనక మూల వానలకు మట్టి కరిగి గోడ నడుమెత్తుకు జారింది. కంప పక్కకు లాగి ఎక్కింది. ముల్లు చీర చించింది, తొడ గీసింది. లోపలికి దూకింది.

తప్పెట ఆగిపోయింది.

చీకటి. జొన్నచొప్ప వాసన. అడుగు తీసి అడుగు వేసింది... ఏమీ కదల్లేదు. ఇంకో అడుగు... ఇంతలో ముక్కుకు పొగ తగిలింది.

కూలిన పాక వెనక, నేల మీద, ఎర్రగా ఏదో కన్ను తెరిచినట్టుంది. దాని మీదికి వంగి ఒక ఆకారం. దాని చేతుల్లో గుండ్రంగా... మెల్లగా తిప్పుతోంది. సెగకు పెట్టి, తీసి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ సెగకు పెడుతోంది.

వరదమ్మ ఊపిరి బిగబట్టి చూసింది.

తప్పెట కాచుకుంటున్నాడు.

మంచుకు తోలు వదులైతే మోగదు. కాచుకోవాలి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ రోజూ చూసిన పనే. కానీ దెయ్యం తప్పెటకు మంచెట్టా తగులుతుంది? చచ్చినోడికి నిప్పెందుకు?

అంతసేపూ భయం ఉన్న చోటికి కోపం వచ్చి కూర్చుంది.

ఒక్క దూకున పోయి జుట్టు పట్టుకుని వెనక్కి విరిచింది. ఆకారం కెవ్వుమంది. మనిషి కేకే. నిప్పుల మీదికి ముఖం వంచి చూసింది. కరువొచ్చిన నాటి నుంచీ ఆమె చూసిన ముఖాలన్నిట్లో ఎముకలే ఉండేవి. ఈ ముఖానికి బుగ్గలున్నాయి.

‘‘ఎవడ్రా నువ్వు?’’

‘‘అరవొద్దు... తల్లీ, అరవొద్దు... నేను ఓబులయ్యను. ఈ ఊరి మేళగాణ్ణి.’’

‘‘ఓబులయ్య కాలవ పనిలో చచ్చినాడు గదా!’’

‘‘అట్టా షావుకారు చెప్పించినాడు...’’

ఆమె ఎడమ చేతికి తప్పెట చట్రం తగిలింది. దాని మీద కత్తితో చెక్కిన తేలు బొమ్మ. చూడక్కర్లేదు, వేలికి తెలిసిపోయింది. ఆ తేలును చెక్కుతున్నప్పుడు పక్కన కూర్చుని నవ్వింది తనే.

‘‘ఇది నా మొగుడిది’’ అంది. ‘‘చెప్పు. అంతా చెప్పు. ఒక్క మాట దాచినావంటే ఈ నిప్పుల్లో పెడతా నీ మొగం.’’

ఓబులయ్య గుసగుసగా చెప్పాడు.

పాతర ఖాళీ కాలేదు. కరువొచ్చేనాటికి నిండా జొన్నలు. సంగతి తెలిస్తే ఊరు మీద పడుతుందని, ధర ఇంకా పెరగనీ అని, షావుకారు దాని నోటికి బండ వేసి మట్టి మెత్తించాడు. ఓబులయ్యను రహస్యంగా లోపల పెట్టాడు. పక్కనే ఉన్న ఇంకో ఉత్త పాతరలోకి దిగి, మాపటేళ తప్పెట కొట్టడమే పని. దానికి కూలి, పూటకో సంగటి ముద్ద. భూమిలోంచి చప్పుడు రావడమూ అందుకే.

‘‘ఈ పొద్దు గట్టిగా కొట్టమన్నాడు. మేళం దడుచుకోని పారిపోవాల, మేకుల పని ఆగిపోవాల అన్నాడు...’’

‘‘అదొద్దు. శీనయ్య సంగతి చెప్పు.’’

ఆమె అతని జుట్టు బిగించింది.

‘‘చప్పుడు వింటే అందరూ పారిపోయేవాళ్లమ్మా. ఆయన పారిపోలేదు. తిన్నగా వాకిటి దగ్గరికి వచ్చినాడు. ‘ఇది దెయ్యం చెయ్యి కాదు, మనోడి చెయ్యి. ఎవరన్నా లోపల? నేను ఉదయగిరి శీనయ్యను. దోసెడు జొన్నలుంటే పెట్టన్నా’ అన్నాడు.’’

‘‘నువ్వేమన్నావు?’’

‘‘...ఏమనలా.’’

‘‘తర్వాత?’’

‘‘నేను కొట్టేది ఆపేసినా. ఆయన కొట్టినాడు. కొట్టి, ‘వినపడతాండాదా అన్నా’ అనేవాడు. మళ్లీ కొట్టేవాడు. నాకు వినపడలేదనుకున్నాడేమో... తెల్లారేదాకా కొట్టినాడు. రాను రాను చెయ్యి ఆడలేదు. దరువంతా పోయి, ఆ ముగింపొక్కటే మిగిలింది. అదే కొట్టేవాడు. మళ్లీ అదే. మళ్లీ అదే. నేను లోపల కూర్చోని విన్నా.’’

నిప్పులో ఏదో చిటపటమంది.

‘‘అట్టా వచ్చిందమ్మా నాకది. వినీ వినీ... నా చెయ్యి పడితే అదే వస్తాది. వద్దనుకున్నా వస్తాది. ఆయన పడిపోయినాక ఈ తప్పెట కూడా నేనే లోపలికి తెచ్చుకున్నా.’’

వరదమ్మ పట్టు వదల్లేదు. బిగించనూ లేదు. వెనక అడుగుల చప్పుడైంది. జారిన గోడ దగ్గర కొండలయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. వంగి రెండు చేతులా ఒక బండరాయి ఎత్తాడు.

‘‘జరుగు వరదా.’’

‘‘వద్దు.’’

‘‘జరగమంటానా లేదా!’’

‘‘చస్తే ఈడూ దెయ్యమైపోతాడు బావా. ఈడి పేరు చెప్పి ఇంకో దొంగ బతుకుతాడు. ఊరంతా ఈణ్ణి బతికుండగా చూడాల.’’

మర్నాడు సందేళకు ఊరు ఊరంతా పాతర దొడ్డి ముందు చేరింది. ఎందుకైనా మంచిదని అందరూ బాటకు అవతలే నిలబడ్డారు. కాగడాలు వెలిగాయి. మంత్రగాడు నిమ్మకాయలు, మేకులు, బారెడు గునపం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నారాయణయ్య పక్కన రామనారాయణ. మేళం పారిపోకుండా నిలిచి ఉండటం చూసి ఆయన ముఖం అప్పటికే బాగా లేదు.

మేళంలో ఒక మనిషి ఎక్కువున్నాడని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ మనిషి తల మీదుగా కంబళి కప్పుకుని, కొండలయ్యకూ పెంచలయ్యకూ నడుమ నిలబడ్డాడు.

మంత్రగాడు మొదటి మేకు చేతికి తీసుకుని, కొట్టండన్నాడు.

కొండలయ్య చెయ్యి ఎత్తాడు. తప్పెట్లు లేచాయి. ఎన్నేళ్లకో ఆ ఊళ్లో మోగిన జాతర మోత! పిల్లలు ఎగిరారు. ఆడవాళ్ల కళ్లు తడిశాయి. వరదమ్మ ముందుకొచ్చి చిందు వేసింది. ఆ చిందులో సంతోషమెంత, కసి ఎంత, చూసేవాళ్లు తేల్చుకోలేకపోయారు.

కొండలయ్య చెయ్యి దించాడు. అన్నీ ఆగిపోయాయి.

ఒకటి ఆగలేదు.

దడ్... దడ్... దడ్...

ఆత్మకూరులో ఆ చప్పుడు తెలియని చెవి లేదు. రోజూ మాపటేళ దుప్పటి ముసుగులో విన్నదే. ఇప్పుడు ఎదురుగా, కాగడాల వెలుగులో, కంబళి కింద నుంచి మోగుతోంది. ఎవరో ‘‘శీనయ్యా!’’ అని వెర్రికేక వేశారు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వెనక్కి ఉరికారు. మంత్రగాడి చేతిలో మేకు జారి కాలి మీద పడింది. ఆయన అది కూడా చూసుకోలేదు.

వరదమ్మ కంబళి లాగి పారేసింది.

‘‘చూడండి! ఇదిగో మీ దెయ్యం. మావోడు కాదు... మీ ఊరోడు. ఓబులయ్య. బుగ్గలు చూడండి! కరువంతా యాడ తిన్నాడో అడగండి. దేనికి కాపలా కాసినాడో అడగండి!’’

ఓబులయ్య మట్టిలో కూలబడి, చేత్తో షావుకారును చూపించాడు.

‘‘అబద్ధం! పాతర ఎప్పుడో ఖాళీ’’ అన్నాడు రామనారాయణ.

నారాయణయ్య ఆయన వైపు తిరిగాడు. కరువులో ఈ పెద్దకాపు మనవరాలూ పోయింది.

‘‘ఖాళీ అయితే తెరిస్తే పోయేదేముండాది?’’ అన్నాడు.

ఆ తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. వాకిలి విరిగింది. దెయ్యానికి తెచ్చిన గునపం పాతర నోటి మీది బండ కింద దూరింది. ‘‘జొన్నలంట... నిండా ఉండాయంట...’’ అంటూ జనం ఎగబడ్డారు. కొందరు అప్పుడే పైపంచెలు నేల మీద పరిచారు. ఆడవాళ్లు కొంగులు పట్టారు. బండ కదిలింది. జరిగింది. పక్కకు పడింది.

ముందున్నవాళ్లు ముక్కు మూసుకుని వెనక్కి పడ్డారు.

కాగడా దించి చూశారు. నోటి దాకా జొన్నలే. నల్లగా, ముద్దలు కట్టి, తెల్ల బూజు పట్టి, పురుగు లుకలుకలాడుతూ... కరువు తీర్చిన వానే నేలలోకి ఇంకి పాతరలోకి దిగింది. పైన ఓబులయ్య తప్పెట కొడుతూనే ఉన్నాడు, లోపల గింజ కుళ్లుతూనే ఉంది. తెరిస్తే ఊరికి తెలుస్తుందని షావుకారు ఒక్కసారైనా తెరిచి చూసుకోలేదు.

పరిచిన పైపంచెలు పరిచినట్టే ఉన్నాయి. గుంపులోంచి ఒక ఆడమనిషి చిన్న గొంతుతో అడిగింది. ‘‘అప్పుడు... మా పిల్లోళ్లు పోయినప్పుడు... ఇవి బాగానే ఉండెనా?’’

ఓబులయ్య తలెత్తలేదు. ‘‘ముత్యాల్లాగా ఉండెనమ్మా’’ అన్నాడు.

వరదమ్మ వంగింది. పాతర నోట్లోంచి పిడికెడు తీసింది. వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు కారాయి. జనం దారిచ్చారు. షావుకారు ముందు నిలబడి, ఆయన చెయ్యి లాగి, అరచేతిలో ఆ ముద్ద పెట్టింది.

‘‘తిను’’ అంది.

రామనారాయణ నారాయణయ్య వైపు చూశాడు. నారాయణయ్య నేల చూశాడు. షావుకారు చుట్టూ చూశాడు. చుట్టూ ఉన్నవి తనకు రోజూ దండాలు పెట్టే ముఖాలే. ఒక్కటీ దారివ్వలేదు. వెనక ఎక్కడో కొండలయ్య చెయ్యి ఎత్తాడు. తప్పెట్లు సన్నగా, ఒక్కో దెబ్బగా మొదలయ్యాయి.

‘‘ఇంతకాలం దాచుకున్నావు గదా. తిను.’’

ఆయన చెయ్యి నోటి దాకా పోయింది. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్లమ్మట నీళ్లు కారాయి, కడుపులోంచి తన్నుకొచ్చింది, అక్కడే కక్కుకున్నాడు.

‘‘చాల్లే వరదమ్మా’’ అన్నాడు నారాయణయ్య. ఆమెను ఆ ఊళ్లో పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

‘‘చాలదు’’ అని ఆమె ఇంకో పిడికెడు తీసింది.

ఆ రాత్రి జాతర జరిగింది. పోలేరమ్మ ఆ బాటనే ఊళ్లోకి వచ్చింది. ముందు వరుసలో వరదమ్మ, చేతిలో తేలు బొమ్మ తప్పెట. అట్లాంటి దరువు ఆత్మకూరు అంతకుముందు వినలేదనీ, సంబరంగా మొదలైనోళ్లంతా తెల్లారేసరికి ఏడుస్తున్నారనీ చెబుతారు. వారం తిరక్కుండా దొడ్డి గోడ నేలమట్టమైంది. షావుకారు ఇంటికి తాళం వేసుకుని నెల్లూరు పోయాడు. మేళాన్ని మళ్లీ అన్ని ఊళ్లూ పిలిచాయి.

ఓబులయ్యను సొంత పాళెం రానియ్యలేదు. కొన్నాళ్లకు ఉదయగిరి వచ్చి, వరదమ్మ గుడిసెకు ఎదురుగా కూర్చుని, ఎండలో వానలో అట్టే ఉండిపోయాడంట. ఆఖరికి ఆమె జాలిపడి క్షమించిందనీ, పిలిచి సంగటి పెట్టిందనీ కొందరు చెబుతారు.

అట్టా చెప్పేవాళ్లు కథ మార్చి చెబుతున్నారు. ఆమె క్షమించలేదు.